తుపాకీ నిజమే. ఎవరివైపు గురిపెట్టాలో ఎవరు చెప్పారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. సివిల్స్‌కి పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ తీసుకున్నారు. రియలిజం, అంటే దేశాల నడవడికను బలం, స్వప్రయోజనాలే తేలుస్తాయన్న వాదం, సులువుగానే బుర్రకెక్కింది. నిర్మాణవాదం, అంటే కన్‌స్ట్రక్టివిజం దగ్గరికొచ్చేసరికి మాత్రం "అంతా మనుషులు అనుకోవడంలోనే ఉంది" అని చెబుతున్నట్టు తోస్తోంది. తుపాకీ, చమురు, సైన్యం ఊహలు కావు కదా, బలమున్నవాడు తను చేయాలనుకున్నది చేస్తాడు కదా, మరి ఈ సిద్ధాంతంతో ఒరిగేదేమిటని అడిగారు. అమెరికా పాఠ్యపుస్తకాల్లోది కాకుండా మనకు దగ్గరగా ఉండే ఉదాహరణ కావాలన్నారు. చివర్లో మన అణు విధానం సంగతి కూడా ఎత్తారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. నిర్మాణవాదం బలాన్ని కాదనదు. ఆ బలాన్ని ఎవరి మీద, దేనికోసం వాడాలన్నది ముందే రాసిపెట్టి ఉండదంటుంది. ఒక దేశానికి ఏది ప్రయోజనం అన్నది, ఆ దేశం తనను తాను ఎవరనుకుంటోంది, ఎదుటి దేశాన్ని ఎవరనుకుంటోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. దేశాలు ఒకదానితో ఒకటి మెలిగే కొద్దీ ఆ అభిప్రాయం తయారవుతుంది, గట్టిపడుతుంది, ఒక్కోసారి తిరగబడుతుంది కూడా. రియలిస్టు 'జాతీయ ప్రయోజనం' దగ్గర లెక్క మొదలుపెడతాడు. నిర్మాణవాది ఆ ప్రయోజనం ఎలా పుట్టిందని ఒక మెట్టు కిందికి దిగి అడుగుతాడు. తేడా అంతా ఆ ఒక్క మెట్టులోనే ఉంది.

పేర్ల సంగతి త్వరగా ముగిద్దాం. అంతర్జాతీయ సంబంధాల్లో ఈ వాదానికి పేరు పెట్టినవాడు నికొలస్ ఓనఫ్, 1989లో. దాన్ని అందరి నోళ్లలో నానేలా చేసింది అలెగ్జాండర్ వెండ్ట్ 1992లో రాసిన వ్యాసం. పైన ప్రపంచ ప్రభుత్వమంటూ ఏదీ లేదు కాబట్టి దేశాలు ఒకదాన్నొకటి అనుమానించక తప్పదని 1979లో కెనెత్ వాల్ట్జ్ సూత్రీకరించాడు. వెండ్ట్ ఆ సూత్రంలో మొదటి సగం ఒప్పుకున్నాడు, రెండో సగం ఒప్పుకోలేదు. పైన ప్రభుత్వం లేకపోవడం నిజమే గానీ, అందువల్ల అనుమానమే పుడుతుందా, పోటీ పుడుతుందా, స్నేహమే పుడుతుందా అన్నది ఆ దేశాల నడవడిక తేల్చాల్సిన విషయం అన్నాడు. బ్రిటన్ దగ్గర ఉండే 500 అణ్వాయుధాల కంటే ఉత్తర కొరియా దగ్గర ఉండే 5 అణ్వాయుధాలే అమెరికాను ఎక్కువ భయపెడతాయన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణే. సెలూన్‌లో గొంతు మీద కత్తి పెట్టినా మనం కళ్లు మూసుకుని కూర్చుంటాం. అదే కత్తి చీకటి సందులో కనిపిస్తే పరిగెడతాం. కత్తి పదును మారలేదు. మీ తుపాకీ ప్రశ్నకు ఈ మాత్రం చాలు.

ఇక ఉదాహరణ. నేను క్లాసులో ఎప్పుడూ వాడేది దక్షిణాఫ్రికా వర్ణవివక్ష కథ. ప్రచ్ఛన్నయుద్ధం ముగింపు, గోర్బచేవ్ అని అందరూ రాస్తారు, దిద్దేవాళ్లకు విసుగొస్తుంది. దక్షిణాఫ్రికా కథలో మన దేశం పాత్రధారి. పైగా మన వాళ్లూ ఉన్నారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్‌కు కూలీలతో చేరిన ట్రూరో ఓడతో మొదలై, చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ చాలామంది ఉన్నారు. వాళ్ల మనవళ్ల కాలానికి, 1946లో, అక్కడి ప్రభుత్వం భారతీయులు ఎక్కడ భూమి కొనొచ్చో ఎక్కడ ఉండొచ్చో గీత గీస్తూ ఒక చట్టం చేసింది. అక్కడి భారతీయులు దానికి పెట్టిన పేరు గెట్టో చట్టం.

అప్పటికి మనకింకా స్వాతంత్ర్యం రాలేదు. అయినా ఐక్యరాజ్యసమితిలో వ్యవస్థాపక సభ్యత్వం ఉంది. 1946లో భారత్ ఈ విషయాన్ని ఐరాసకు తీసుకెళ్లింది. అదే ఏడాది దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేసింది. మన గోనె సంచులకు అక్కడ మంచి మార్కెట్ ఉండేది, అదీ పోయింది. మన ప్రతినిధి బృందానికి నాయకురాలు విజయలక్ష్మీ పండిట్. ఎదురుగా ఉన్నది దక్షిణాఫ్రికా ప్రధాని జాన్ స్మట్స్. ఐరాస చార్టర్ ప్రవేశిక రాయడంలో చేయి వేసిన మనిషి, మానవ హక్కుల మాట అందులో ఉంది. అదే మనిషి ఇప్పుడు "ఇది మా అంతర్గత వ్యవహారం, చార్టర్ రెండో అధికరణం ఏడో క్లాజు ప్రకారం మీరు మాట్లాడకూడదు" అని వాదించాడు. బ్రిటన్, అమెరికా ఆయన వైపే నిలిచాయి. అయినా మూడింట రెండొంతుల మెజారిటీతో మన తీర్మానం 1946 డిసెంబరు 8న నెగ్గింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మీ 'బలమున్నవాడు' సూత్రం పెట్టి చూడండి. ఒక వైపు ఇంకా వలసగానే ఉన్న దేశం. మరో వైపు బంగారం ఉన్న దేశం, దాని వెనక యుద్ధం గెలిచిన రెండు మహాశక్తులు. ఓటు మనకు పడింది. ఆ ఓటు వల్ల దక్షిణాఫ్రికాలో ఒక్క చట్టం కూడా మారలేదన్నది నిజమే. ఇంకా ఘోరం, 1948లో తెల్లవాళ్ల నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చి వివక్షను పూర్తి వ్యవస్థగా మార్చింది. ఓటు మార్చింది వేరే దాన్ని. ఒక ప్రభుత్వం తన పౌరుల్ని రంగును బట్టి వేరు చేయడం అప్పటిదాకా 'ఇంటి గొడవ'. అక్కణ్నుంచి అది లోకం మాట్లాడదగ్గ విషయమైంది. సార్వభౌమత్వం అనే మాటలో ఏమేం చేరతాయి, ఏమేం చేరవు అనే గీతే పక్కకు జరిగింది. నిర్మాణవాదులు 'నిర్మాణం' అనేది ఈ పనినే.

ఆ గీత ఒక్కసారిగా జరగలేదు. 1960 మార్చిలో దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో నిరసనకారుల మీద పోలీసు కాల్పుల్లో 69 మంది చనిపోయారు. అదే ఏడాది 16 ఆఫ్రికా దేశాలు ఐరాసలో చేరాయి. 1961లో దక్షిణాఫ్రికా కామన్‌వెల్త్ నుంచి బయటికెళ్లింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు పిలుపు రద్దయింది. 1974లో మనం టెన్నిస్‌లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరాం, ఎదురు జట్టు దక్షిణాఫ్రికా. ఆడకుండా కప్పు వదిలేశాం. విద్యార్థులకు ఇది చెప్పినప్పుడు క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు నమ్మలేనట్టు చూస్తారు. ఆ ఫైనల్ ఆడితే మన భద్రతకు వచ్చే నష్టం సున్నా, వదిలేస్తే వచ్చే లాభమూ సున్నా. "మనలాంటి దేశం వాళ్లతో ఆడదు" అన్న ఒక్క మాటే అక్కడ పనిచేసింది. లాభనష్టాల తర్కం, ఉచితానుచితాల తర్కం అని పుస్తకాల్లో రెండు రకాలు చదివి ఉంటారు. రెండోదానికి ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

మార్తా ఫినెమోర్, క్యాథ్రిన్ సిక్కింక్ 1998లో చెప్పిన 'నార్మ్ జీవితచక్రం' ఇక్కడ పెట్టుకోవచ్చు. నార్మ్ అంటే ఇలా నడుచుకోవడమే తగినదని దేశాలు ఒప్పుకున్న కట్టుబాటు. కొందరు పట్టుదలగా ఒక నార్మ్‌ను ముందుకు తోస్తారు, మద్దతు ఒక స్థాయి దాటాక మిగతా దేశాలు వరసకట్టి చేరతాయి, చివరికి దాని గురించి చర్చే అక్కర్లేనంత సహజమైపోతుంది. అయితే ఆ మూడు దశల్ని బాక్సులు గీసి నింపకండి. 1974లో దక్షిణాఫ్రికాను ఐరాస నుంచే తొలగించాలన్న ప్రతిపాదనను అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ మూడూ కలిసి వీటో చేశాయి. 1977లో అదే భద్రతా మండలి తప్పనిసరి ఆయుధ నిషేధం పెట్టింది. చక్రం అంత సాఫీగా తిరగదు.

అసలు పరీక్ష అమెరికాది. క్లాసులో నేను బోర్డు మీద రెండు నిలువు వరసలు గీయిస్తాను. ఒకటి 1966, ఒకటి 1986. దక్షిణాఫ్రికాతో అమెరికాకున్న వస్తుపరమైన ప్రయోజనాలు రాయమంటాను. ఖనిజాలు, ఆఫ్రికా దక్షిణ కొన కేప్ మీదుగా సముద్ర మార్గం, కమ్యూనిస్టు వ్యతిరేక ప్రభుత్వం, అమెరికన్ కంపెనీల పెట్టుబడులు. రెండు వరసలూ దాదాపు ఒకేలా వస్తాయి. కానీ 1986 అక్టోబరులో అమెరికన్ కాంగ్రెస్ రీగన్ వీటోను కొట్టిపారేసి ఆంక్షల చట్టం తెచ్చింది. సెనేట్‌లో 78-21. అంటే అధ్యక్షుడి సొంత పార్టీ వాళ్లే పెద్ద సంఖ్యలో ఆయనకు ఎదురు ఓటేశారు. జాబితా మారకుండా విధానం మారిన చోటే నిర్మాణవాదానికి పని ఉంటుంది. ఆ మధ్య ఇరవై ఏళ్లలో అమెరికాలో పౌరహక్కుల ఉద్యమం 'అమెరికా అంటే ఏమిటి' అన్నదాన్ని మార్చింది. ఇంట్లో చట్టవిరుద్ధమైన దాన్ని బయట మిత్రుడంటూ భుజాన మోయడం ఒక సెనేటర్‌కు సిగ్గుపడాల్సిన సంగతైంది. నల్లజాతి ఓటర్లున్న నియోజకవర్గంలో అయితే ఓట్లు పోయే సంగతి కూడా అయింది. ఆడీ క్లోట్జ్ 1995లో ఈ కేసు మీద రాసిన పుస్తకం వాదన స్థూలంగా ఇదే. జాతి సమానత్వం అనే నార్మ్ దేశాలకు ప్రయోజనం ఏమిటో తిరిగి నిర్వచించిందని.

ఇప్పుడు ఎదురు వాదన. దీన్ని వదిలేసి రాసే జవాబు నాకు నచ్చదు. రియలిస్టు ఏమంటాడంటే, 1985లో చేజ్ మన్‌హటన్ బ్యాంకు స్వల్పకాలిక అప్పుల్ని పొడిగించనంది, మిగతా బ్యాంకులూ అదే దారి పట్టాయి, ఆ సెప్టెంబరుకు దక్షిణాఫ్రికా అప్పుల చెల్లింపులు ఆపేసింది. బ్యాంకులకు జాతి సమానత్వం కాదు, డబ్బు రిస్కు కనిపించింది. 1988లో అంగోలా నుంచి సోవియట్ మిత్రదేశం క్యూబా దళాల ఉపసంహరణకు ఒప్పందం కుదిరింది, 1989లో బెర్లిన్ గోడ పడింది, సోవియట్ బూచి పోయింది, 1990 ఫిబ్రవరిలో అధ్యక్షుడు డి క్లర్క్ మండేలాను విడుదల చేశాడు. తేదీల వరస చూడండి, ఇందులో భావాలెక్కడున్నాయి అంటాడు.

గట్టి వాదనే. నా అంచనా ఏమిటంటే *ఎప్పుడు* జరిగింది అన్నదానికి రియలిస్టు సమాధానం మెరుగైనది, *ఏది* జరిగింది అన్నదానికి నిర్మాణవాది సమాధానం మెరుగైనది. ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక తెల్లవాళ్ల ప్రభుత్వానికి భయం తగ్గింది, సరే. భయం తగ్గితే అధికారం ఇచ్చేయాలని ఎక్కడుంది? ఇంకా ధీమాగా కూర్చోవచ్చు కదా? ఆ పాటికి లోకంలో వాళ్లకు మర్యాదగా చేరే దారి ఒక్కటే మిగిలింది, అందరికీ ఓటు. మిగతా దారులన్నీ నలభై ఏళ్లలో ఒకదాని తర్వాత ఒకటి మూసుకుపోయాయి. నల్లవాళ్లకు వేరే 'స్వతంత్ర దేశాలు' అంటూ ట్రాన్‌స్కీ లాంటివి 1976 నుంచి ప్రకటిస్తే దక్షిణాఫ్రికా తప్ప వాటిని ప్రపంచంలో ఏ దేశమూ గుర్తించలేదు. జెండా ఉంది, పోలీసులున్నారు, భూమి ఉంది, గుర్తింపు లేదు. దేశం కావడానికి వస్తువులు చాలవనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి? బ్యాంకుల సంగతీ అంతే. ఆ రిస్కు ఆకాశం నుంచి ఊడిపడలేదు. టౌన్‌షిప్పుల్లో, అంటే నల్లవాళ్ల బస్తీల్లో, తిరుగుబాటు, న్యూయార్క్‌లో పెట్టుబడులు వెనక్కి తీయమన్న ఉద్యమం కలిసి దాన్ని తయారు చేశాయి.

దీనికి ఒక కొసరు ఉంది. ఇది చెప్పకపోతే మనం మనల్ని పొగుడుకున్నట్టే అవుతుంది. 2001లో ఐరాస జాతివివక్ష వ్యతిరేక మహాసభ అదే డర్బన్‌లో జరిగింది. కుల వివక్షను కూడా ఎజెండాలో చేర్చాలని మన దేశం నుంచి దళిత సంఘాలు వెళ్లాయి, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కార్యకర్తలూ వాళ్లలో ఉన్నారు. భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. కులం జాతి కాదు, మా రాజ్యాంగం దాన్ని చూసుకుంటోంది, ఇది మా అంతర్గత వ్యవహారం అంది. 1946లో స్మట్స్ చేసిన వాదన ఎవరి నోట వచ్చిందో చూడండి. మరుసటి ఏడాదే, 2002లో, ఐరాస జాతివివక్ష నిర్మూలన కమిటీ పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులమూ వస్తుందని ఒక సాధారణ సిఫారసులో రాసింది. మనం జరిపిన గీత మన గడప దగ్గరికే వచ్చింది. నార్మ్‌ను పుట్టించినవాళ్లకు దాని మీద హక్కు ఉండదు. బలహీనులు కూడా దాన్ని పట్టుకుని అడగగలరు, అందుకే బలవంతులు మొదట్లోనే దాన్ని అడ్డుకోవాలని చూస్తారు.

ఇక జవాబుల్లో నేను తరచూ చూసే లోపాలు. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది, నిర్మాణవాదాన్ని మంచివాళ్ల సిద్ధాంతంగా రాయడం. రియలిజం అంటే యుద్ధం, నిర్మాణవాదం అంటే శాంతి అన్నట్టు. అలా కాదు. 'నాగరిక దేశాలు' అనాగరికుల్ని పాలించవచ్చన్నది కూడా ఒకప్పుడు అందరూ ఒప్పుకున్న నార్మే, వలస రాజ్యాలు దాని మీదే నడిచాయి. శత్రుత్వాలు కూడా నిర్మాణమయ్యేవే, ఒకసారి గట్టిపడితే రాయిలా ఉంటాయి. "సామాజికంగా నిర్మించినది" అంటే "సులువుగా మార్చగలది" అని అర్థం కాదు. భారత్-పాకిస్తాన్ సంగతి తెలిసిన మనకు ఇది వేరే చెప్పాలా.

రెండోది, నార్మ్ ఒకసారి పుడితే ఇక చావదనుకోవడం. మందుపాతరల నిషేధ ఒప్పందం 1997లో వచ్చింది, ప్రచారం చేసిన సంస్థల కూటమికి అదే ఏడాది నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, ఈ వాదం పాఠాల్లో అదొక విజయగాథ. 2025లో ఫిన్లాండ్, పోలండ్, మూడు బాల్టిక్ దేశాలు అందులోంచి బయటికి రావాలని నిర్ణయించాయి. పక్కన రష్యా, అటు ఉక్రెయిన్ యుద్ధం. ఇక్కడ రియలిస్టు గెలిచాడని ఒప్పుకోవడంలో నామోషీ ఏమీ లేదు. మీరు అలా రాస్తే జవాబు బలపడుతుందే తప్ప తగ్గదు.

మూడోది, ఎవరైనా నార్మ్‌ను ఉల్లంఘించగానే "చూశారా, నార్మ్ లేదు" అనేయడం. ఉల్లంఘించినవాడు ఏమని సమర్థించుకున్నాడో చూడండి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీదికి వెళ్తూ పుతిన్ ఐరాస చార్టర్ 51వ అధికరణాన్ని, అంటే ఆత్మరక్షణ హక్కును ఉదహరించాడు. పద్దెనిమిదో శతాబ్దపు రాజైతే "ఆ భూమి నాకు కావాలి" అనేవాడు. సాకు వెతుక్కోవాల్సి వచ్చిందంటే నార్మ్ కొన ఊపిరితోనైనా ఉందని. ఎవరూ సాకు కూడా చెప్పని రోజు వస్తే అప్పుడు పోయిందనుకోవాలి.

నాకున్న అసంతృప్తి ఒకటి చెబుతాను. ఈ సిద్ధాంతం జరిగినదాన్ని వివరించినంత బాగా జరగబోయేదాన్ని చెప్పలేదు. ఏ నార్మ్ నిలుస్తుంది, ఏది చతికిలబడుతుంది అని ముందే అడిగితే నిర్మాణవాది నీళ్లు నములుతాడు. పైగా చాలాకాలం పడమటి దేశాలు నేర్పితే మిగతావాళ్లు నేర్చుకున్నారన్న ధోరణిలోనే రాశారు. అంతర్జాతీయ సంబంధాల పండితుడు అమితావ్ ఆచార్య దీన్ని ప్రశ్నించాడు. ఆగ్నేయాసియా దేశాలు బయటి నార్మ్‌లను ఉన్నవి ఉన్నట్టు తీసుకోకుండా తమ పాత అలవాట్లకు అతికేలా కత్తిరించుకున్నాయని చూపించాడు. 1946 కథలోనైతే నేర్పింది మనం, నేర్చుకున్నది వాషింగ్టన్. ఈ ఒక్క పాయింటు కోసమైనా ఆ ఉదాహరణ వాడమంటాను.

మీ చివరి ప్రశ్న, మన అణు విధానం. 1974 మే 18న పోఖ్రాన్‌లో పేల్చి దాన్ని 'శాంతియుత అణు పేలుడు' అన్నాం. ఆ విశేషణం ఎందుకు తగిలించాల్సి వచ్చిందో పైన చెప్పినదాన్ని బట్టి మీకే తెలుస్తుంది. అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందంపై సంతకం చేయకపోవడానికి మనం చెప్పిన కారణం "మాకు బాంబు కావాలి" కాదు. కొందరికి ఉండొచ్చు, మిగతావాళ్లకు ఉండకూడదనడం వివక్ష అన్నాం. 1998 పరీక్షల తర్వాత బీజేపీ నేత జస్వంత్ సింగ్ దానికి 'అణు అపార్థీడ్', అంటే అణు వర్ణవివక్ష, అనే మాట వాడాడు. దక్షిణాఫ్రికా పోరాటంలో సంపాదించిన పలుకుబడిని ఇక్కడ ఖర్చు పెట్టామన్నమాట. 2005 జూలైలో భారత్-అమెరికా ఉమ్మడి ప్రకటన మనల్ని బాధ్యతగల దేశమని పేర్కొంది. 2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం, అంటే అణు ఇంధనం, పరిజ్ఞానం అమ్మే దేశాల కూటమి, తన ఆంక్షల నుంచి మనకు మినహాయింపు ఇచ్చింది. సంతకం చేయకుండానే లోపలి మనిషి హోదా వచ్చింది. చైనాకు ఎదురుబరువు కావాలన్న అమెరికా లెక్క ఇందులో లేదనను, చాలా ఉంది. కానీ అదే లెక్కతో పాకిస్తాన్‌కు చైనా అలాంటి మినహాయింపు ఇప్పించలేకపోయింది. అణు పరిజ్ఞానాన్ని రహస్యంగా అమ్మిన పాక్ శాస్త్రవేత్త ఎ.క్యూ. ఖాన్ నెట్‌వర్క్ బయటపడ్డాక 'బాధ్యతగల' అనే విశేషణం ఆ దేశానికి అతకలేదు.

అణ్వాయుధాన్ని మొదట మనం ప్రయోగించం అన్న మాట 2003 జనవరి 4 నాటి అధికారిక సిద్ధాంతంలో ఉంది. దాన్ని ఉల్లంఘిస్తే శిక్షించే కోర్టు లేదు. 2019 ఆగస్టు 16న పోఖ్రాన్‌లో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ఇప్పటిదాకా దీనికి కట్టుబడి ఉన్నాం, ముందు ముందు ఏమవుతుందన్నది పరిస్థితుల్ని బట్టి అన్నారు. ఒక్క వాక్యం. అంతర్జాతీయంగా ఎంత చర్చ జరిగిందో పాత పత్రికలు తిరగేసి చూడండి. ఈ ప్రశ్న పరీక్షలో వస్తే రెండు సిద్ధాంతాలూ చెరో పేరాలో విడివిడిగా రాయకండి. 1974, 1998, 2003, 2019 ప్రకటనల్లో మన ప్రభుత్వం ఏ భాషలో సమర్థించుకుందో నాలుగు వాక్యాల్లో పోల్చండి, అప్పుడు చైనా, పాకిస్తాన్ ఆయుధాల లెక్కను వాటి పక్కనే ఉంచి చూసి ఏది దేన్ని ఎక్కువగా వివరిస్తోందో మీ నిర్ణయం చెప్పండి. రాసి ఇక్కడ పెడితే చూస్తాను.